హస్తవాసి

హస్తవాసి గారు వచ్చి కూర్చుంటే చాలు, ఆగిపోయిన ప్రోగ్రాం లేచి నడుస్తుంది. ఆ మందుల గిడ్డంగిలో ఈ విషయం మీద ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. ఆయన సెలవులో ఉన్నా సరే, ఫోన్ చేసి బతిమాలితే ఇంటి దగ్గర నుంచే లాగిన్ అయి ఏవో రెండు మీటలు నొక్కేవాడు. ఇక్కడ కంట్రోల్ రూములో తెర మీద అంకెలు మళ్ళీ కదిలేవి. "అంతా ఆ చేతి చలవ. మంచి హస్తవాసి!" అని మేనేజరు డాక్టర్ని పొగిడినట్టు పొగిడేవాడు. పోను పోను అదే ఆయన పేరైపోయింది. ఇంత మంచి చెయ్యి పడుతున్న ప్రోగ్రాం మాటిమాటికీ ఎందుకు మంచాన పడుతోందని మాత్రం ఒక్క మహానుభావుడూ అడగలేదు.

పక్క బల్ల దగ్గర కూర్చుని ఈ పొగడ్తలన్నీ వినేది ఆయన మరదలు. తల్లీతండ్రీ పోయాక, రెండు జడల వయసులో అక్క చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి వచ్చిన పిల్ల. కంప్యూటర్ మూత విప్పి లోపల ఏది ఏమిటో మొదట చూపించింది బావే. చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం వేయించిందీ బావే. మొదటి రోజు గేటు ముందు కారు ఆపి, "చిట్టీ, ఇంట్లోనే నేను బావని. ఈ గేటు దాటితే సార్‌ని. గుర్తుంచుకో" అన్నాడు. ఆమె గుర్తుంచుకుంది. ఆఫీసే గుర్తుంచుకోలేదు. ఎంత పని నేర్చినా, ఎన్ని చిక్కుముడులు విప్పినా అక్కడ అందరూ ఆమెను మరదలనే అన్నారు.

ఆ ప్రోగ్రాం చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. గిడ్డంగిలో చల్లగా ఉంచాల్సిన మందుల గదులు వరుసగా ఉన్నాయి. ఏ గదిలో ఎంత చలి ఉందో చూసి ఆ అంకెను కంట్రోల్ రూము తెర మీద వేస్తుంది. ఏ గదైనా వేడెక్కితే హూటరు మోగిస్తుంది. సాయంత్రం డ్యూటీలో ఆ తెర ముందు కూర్చునే ఆపరేటర్ని అందరూ స్వెట్టరమ్మ అనేవారు. గోడ అవతలే చలి గదులు కావడంతో ఆవిడ మండుటెండల్లో కూడా ముదురాకుపచ్చ స్వెట్టరులోనే కనిపించేది. గిడ్డంగి తెరిచిన నాటి మనిషి. "ఇంట్లో కోడలి రాజ్యం, ఇక్కడ నా రాజ్యం. ఈ కుర్చీ ఊడితే ఇంకేముందే చిన్నమ్మాయ్, కొడుకింట్లో ఫ్రిజ్ పక్కన స్టూలే నాకు గతి" అనేది మరదలితో. "అక్కడా చలే పిన్నీ, స్వెట్టరు పనికొస్తుంది" అని ఈమె ఆటపట్టిస్తే పకపకా నవ్వేది.

హస్తవాసి గారు ఏదో పెళ్ళికి వెళ్ళాలని పెందలాడే బయల్దేరిన ఒక సాయంత్రం నాలుగో గదిలో చల్లబరిచే యంత్రం పాడైంది. హూటరు మోగలేదు. తెర మీద అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి? ప్రోగ్రాం అప్పటికే చచ్చిపోయింది. పోయేముందు వేసిన అంకెలు అలాగే నిలబడిపోయాయి. అంకెలు బాగున్నాయి కదా అని స్వెట్టరమ్మ డ్యూటీ చేసి ఇంటికి వెళ్ళింది. పొద్దున తలుపు తీసేసరికి గది గోరువెచ్చగా ఉంది. లోపల ఉన్న మందులన్నీ పారెయ్యాల్సి వచ్చింది.

ఇంత నష్టం జరిగాక ఎవరో ఒకరి మెడకు చుట్టాలి కదా. ప్రోగ్రాం ఎప్పుడు ఆగినా సాయంత్రాలే ఆగుతోందని మేనేజరు కనిపెట్టాడు. సాయంత్రమంటే స్వెట్టరమ్మ. ఎప్పుడో టీ తాగుతూ ఆవిడ, "ఆ కూత వింటే నా ప్రాణం గిలగిల్లాడుతుందర్రా, ఎవరైనా దాని నోరు నొక్కండి" అని నవ్వులాటకు అన్న మాట ఉన్నట్టుండి నలుగురికీ గుర్తొచ్చింది. కూత పడలేక ఆవిడే ప్రోగ్రాం మూసేసి ఉంటుందని పొద్దున అనుకున్నారు. మధ్యాహ్నానికి మూసేసిందనే అన్నారు. విచారణ పెడతామనీ, తప్పు తేలితే ఉద్యోగం తీసేస్తామనీ మేనేజరు చెప్పాడు. ఇంకో మనిషి దొరికేదాకా మాత్రం అదే కుర్చీలో కూర్చుని డ్యూటీ చెయ్యమన్నాడు. దొంగ అన్నవాళ్ళే తాళం చెవి చేతిలో పెట్టడం ఆ గిడ్డంగికే చెల్లింది.

"నేను వేలు కూడా పెట్టలేదే చిన్నమ్మాయ్" అంది స్వెట్టరమ్మ ఆ సాయంత్రం. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "కుర్చీ పోతే పోనీ. ఇన్నేళ్ళు చేసి చివరికి అబద్ధాలకోరునని పేరు పెట్టుకుని ఎలా పోను? ఆ మెషీను భాష నీకు తెలుసు. నువ్వు చూడు. తెలిసింది తెలిసినట్టు చెప్పు, అంతే చాలు నాకు."

"చెప్తాను పిన్నీ" అని మాటిచ్చింది మరదలు.

అక్కడి నుంచి ఆమెకు అదే పని. సర్వరులో చోటు నిండిపోయిందేమోనని చూసింది, సగం ఖాళీగానే ఉంది. మెమరీ సరిపోవడం లేదేమో అనుకుంది, కావలసినంత ఉంది. కరెంటు మీద అనుమానపడి ఎలక్ట్రీషియన్‌ని వెంటేసుకుని తిరిగింది. గదుల నుంచి వచ్చే కేబుళ్ళను నిచ్చెనెక్కి ఒక్కొక్కటే కదిపి చూసి జుట్టంతా బూజు చేసుకుంది. ఎక్కడా వంక లేదు. పైగా ఆమె కూర్చుని చూస్తున్నంతసేపూ ఆ ప్రోగ్రాం చుట్టాల ముందు పిల్లాడిలా ఎంతో బుద్ధిగా నడిచేది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. విచారణ రోజు దగ్గరపడుతోంది, చేతిలో ఏమీ లేదు.

విచారణ ఇంకా రెండు మూడు రోజులుందనగా బావకు పన్ను నొప్పి వచ్చింది. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాడు. సెలవు మీద వెళ్ళేవాళ్ళు తెరిచినవన్నీ మూసి, పూర్తిగా లాగౌట్ అయి వెళ్ళాలని ఆఫీసులో కొత్త నియమం ఒకటి ఉంది. మామూలు రోజుల్లో ఆయన తెరకు తాళం వేసి వెళ్ళిపోతాడు, లోపల లాగిన్ అలాగే ఉంటుంది. ఆ రోజు బుగ్గ పట్టుకుని, పద్ధతిగా లాగౌట్ అయి, "వస్తా" అని మూలిగి బయల్దేరాడు. ఆయన మెట్లు దిగీ దిగకముందే మరదలి కళ్ళెదుటే ప్రోగ్రాం పోయింది. తప్పు జరిగిందన్న సందేశం లేదు, ఏమీ లేదు. ఉన్నది కాస్తా లేకుండా పోయింది.

ఆమె వెంటనే తన లాగిన్‌తో ప్రోగ్రాం మొదలుపెట్టింది. చక్కగా నడిచింది. తను లాగౌట్ అయింది. మళ్ళీ లాగిన్ అయి చూస్తే ప్రోగ్రాం లేదు. నమ్మలేక ఇంకోసారి చేసింది. ఇంకోసారీ అంతే.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. ఈ జబ్బు ఆ మధ్య మార్చిన కొత్త సర్వరుతోపాటే వచ్చింది. పాత మెషీనులో ఎవరు ఏది మొదలుపెట్టి వెళ్ళిపోయినా అది తన మానాన నడిచేది. కొత్తదానికి శుభ్రత ఎక్కువ. మనిషి పూర్తిగా లాగౌట్ అయితే ఆ మనిషి పేరు మీద నడుస్తున్నవన్నీ ఊడ్చిపారేస్తుంది, అద్దెవాళ్ళు ఖాళీ చేయగానే స్విచ్చులన్నీ ఆపేసే ఇంటాయనలాగా. ఇలాంటి ప్రోగ్రాంని ఏ మనిషి పేరు మీదా ఉంచకూడదు. మెషీనుకే అప్పజెప్పాలి, ఎవరొచ్చినా ఎవరు వెళ్ళినా నడిచేలా. సర్వరు మార్చిన రోజు బావ చేయాల్సిన పని అది. ఆయన తన లాగిన్‌తో మొదలుపెట్టి, నడుస్తోంది కదా అని చేతులు దులుపుకున్నాడు. సెలవు పెట్టో, పెళ్ళికనో పెందలాడే బయల్దేరిన ప్రతి సాయంత్రం లాగౌట్ అయి తనే దాన్ని ఆపేశాడు. మళ్ళీ ఫోన్ రాగానే తనే లేపాడు. ఇదీ ఆ హస్తవాసి.

ప్రోగ్రాంని మళ్ళీ నడిపించి, తన లాగిన్ తెరిచే ఉంచి ఇంటికి వెళ్ళింది. మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్తూ కారులో చెప్పింది.

"బావా, అది ఎందుకు ఆగుతోందో తెలిసింది."

సగం చెప్పేసరికే బావకు అర్థమైంది. తెలివికేం తక్కువ లేదు ఆయనకు. ముందు సిగ్నల్ లైటు పచ్చగా మారినా కారు కదపలేదు. వెనక హారన్లు మోగాక ఉలిక్కిపడి గేరు వేశాడు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

ఆయన మొదట అడిగింది అదీ. అక్కడే మేలుకోవాల్సింది. మేలుకోలేదు.

"లేదు."

"అక్కకి?"

"లేదు బావా."

"మంచిది. వెళ్ళగానే సరిచేసెయ్. గదుల నిండా సరుకుంది, ఒక్క పూట కూడా ఆగడానికి లేదు."

ఆ మాట నిజమే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"మరి స్వెట్టరు పిన్ని సంగతి?"

"విచారణలో నేనే చెప్తా చిట్టీ. నా తప్పు నా నోటితో చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. నువ్వు చెప్పావనుకో, ఇంట్లో పెరిగిన మరదలే పట్టించిందంటారు. అక్క నలుగురిలో తలెత్తుకోగలదా, నువ్వే చెప్పు?"

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఎంత పెద్ద మనసు మా బావది అనుకుంది. ఆ క్షణాన ఆయన్ని చూసి గర్వపడింది కూడా. తర్వాత ఎప్పుడు ఆ గర్వం గుర్తొచ్చినా తన చెంప తనే వాయించుకోవాలనిపించేది.

ఆఫీసుకు వెళ్ళగానే పని మొదలుపెట్టింది. ప్రోగ్రాంని మెషీనుకు అప్పజెప్పింది. లాగౌట్ అయి చూసింది, నడుస్తోంది. బావను లాగౌట్ అవమని చూసింది, నడుస్తోంది. మేనేజరు అనుమతి తీసుకుని సర్వరునే ఒకసారి ఆపి లేపింది. ఎవరూ వేలు పెట్టకుండానే ప్రోగ్రాం తనంతట తనే లేచి కూర్చుంది. మెషీనుకు ఏదో చిన్న మరమ్మతనే మేనేజరు అనుకున్నాడు. పని కుదిరినప్పుడు కలిగే సంతోషం ఎలాంటిదో ఆ పని చేసేవాళ్ళకే తెలుసు. ఆ సంతోషం మొహాన వేసుకునే కంట్రోల్ రూముకు వెళ్ళింది.

"ఏమైనా తేలిందా?" అంది స్వెట్టరమ్మ.

"తేలింది పిన్నీ. విచారణలో సార్ చెప్తారు. మీరేం దిగులు పెట్టుకోకండి."

"ఏం తేలిందే? నాకు చెప్పకూడదా?"

"సారే చెప్తానన్నారు. రెండు రోజులు ఓపిక పట్టండి."

స్వెట్టరమ్మ చల్లటి చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది. "సరేలే. నువ్వు తేలిందన్నావుగా, ఇంక నాకు నిద్ర పడుతుంది."

విచారణ కంట్రోల్ రూములోనే పెట్టారు. మేనేజరు, హస్తవాసి గారు, స్వెట్టరమ్మ, ఓ పక్కగా మరదలు. స్వెట్టరమ్మ ఉతికిన స్వెట్టరు వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చింది. తాను ముట్టలేదని ఒక్క ముక్కలో చెప్పింది. మేనేజరు హస్తవాసి గారి వైపు తిరిగాడు.

"మీరేమంటారు?"

మరదలు నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. బావ గొంతు సవరించుకున్నాడు.

"ప్రోగ్రాంలో లోపమేమీ లేదండి. తనంతట తను ఆగేది కాదు."

ఆమెకు తను విన్నది నిజమో కాదో తెలియలేదు. ఇంకా ఏదో చెప్తాడని చూసింది. ఆయన చెప్పలేదు. ఈలోగా స్వెట్టరమ్మే ముందుకొచ్చింది.

"అయితే ఆ రోజు ఎలా జరిగిందో అలాగే చేసి చూపించండి సార్. మీరు పెళ్ళికి బయల్దేరినట్టే అన్నీ మూసుకుని బయల్దేరండి. నేను చేతులు కట్టుకుని ఇక్కడే నిలబడతాను. ఆగుతుందో లేదో అందరం చూద్దాం." అని మరదలి వైపు తిరిగి, అంతే కదా అన్నట్టు తలాడించింది. పిచ్చి తల్లి, ఆ పరీక్ష తనను గట్టెక్కిస్తుందనుకుంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, అందరికీ కనపడేలా లాగౌట్ అయ్యాడు. తర్వాత గదిలోంచి బయటికి వెళ్ళి వసారాలో నిలబడ్డాడు. అందరి కళ్ళూ తెర మీదే ఉన్నాయి. అంకెలు కదులుతూనే ఉన్నాయి. మేనేజరు వెళ్ళి టీ తాగి వచ్చాడు. అప్పుడూ కదులుతూనే ఉన్నాయి.

"అంటే ఎవరూ ముట్టుకోకపోతే ఇది ఆగదన్నమాట" అన్నాడు మేనేజరు స్వెట్టరమ్మను చూస్తూ.

"బావా, చెప్పు!" అని అరిచింది మరదలు.

ఆ గేటు లోపల ఆమె ఆయన్ని బావా అని పిలవడం అదే మొదలు. బావ లోపలికి వచ్చాడు గానీ ఆమె మొహం చూడలేదు.

"సార్, ఇది మొన్నటి దాకా ఆగేది" అంది ఆమె మేనేజరుతో. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఆయన లాగౌట్ అయితే చాలు ఆగిపోయేది. ఆపరేటరు తప్పేమీ లేదు. మొన్న పొద్దున నేనే సరిచేశాను. అందుకే ఇప్పుడు ఆగడం లేదు."

మేనేజరు హస్తవాసి గారి వైపు చూశాడు. ఆయన నవ్వాడు. చిన్నప్పుడు ఆమె లెక్క తప్పు చేస్తే నవ్విన నవ్వే, అంత మెత్తగానూ.

"మా మరదలికి జాలి గుండె అండి. మొదటి నుంచీ అంతే. ఆవిడ్ని పిన్నీ పిన్నీ అంటూ తిరుగుతుంది."

"సరిచెయ్యమని మీరే కదా చెప్పింది! కారులో!"

"నేనా? మెషీను ఒకసారి చూడమన్నానేమో."

"సార్, నేను రుజువు చేస్తాను. మళ్ళీ పాత పద్ధతిలో పెట్టి చూపిస్తాను."

మేనేజరు మండిపడ్డాడు. "నడుస్తున్నదాన్ని చెడగొట్టి చూపిస్తావా? లోపల ఎంత సరుకుందో తెలుసా నీకు?"

"పోనీ వేరే మెషీనులో చూపిస్తాను."

"వేరే మెషీనులో ఏ మాయైనా చెయ్యొచ్చు."

ఆమె ఊరుకోలేదు. ఎవరు ఎప్పుడు లాగౌట్ అయ్యారో, ప్రోగ్రాం ఎప్పుడు పోయిందో సర్వరు తనలో రాసి పెట్టుకున్నదంతా తెర మీద తెరిచింది. మేనేజరు ఆ వరుసల వైపు కళ్ళు చికిలించి చూసి, విసుగ్గా పక్కకు తిరిగాడు.

"ఈ గీతలు నాకేం తెలుస్తాయి? ఏమండీ హస్తవాసి గారూ, ఏమంటోంది ఇది?"

ఆయన వంగి, తీరిగ్గా చదివి, నిటారుగా నిలబడ్డాడు. "దీన్ని బట్టి ఏమీ చెప్పలేమండి. ఎవరు మూశారన్నది ఇందులో ఉండదు."

అక్కడితో విచారణ అయిపోయింది.

స్వెట్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. కుర్చీలో తను కుట్టుకున్న మెత్త తీసుకుంది, సొరుగులోంచి కళ్ళజోడు తీసుకుంది. మరదలి దగ్గర ఆగింది.

"మొన్న ఇక్కడే నిలబడి అడిగానుగా చిన్నమ్మాయ్. అప్పుడే చెప్పుంటే పోయేదిగా. నువ్వే సరిచేశావని తెలిస్తే ఈ పరీక్ష నేనే అడిగేదాన్నా?" అంది.

పని ఆ పూటే చెయ్యాల్సింది, మరదలు చేసింది. మాట కూడా ఆ పూటే చెప్పాల్సింది, దాన్ని బావ జేబులో వేసి కూర్చుంది. స్వెట్టరమ్మ స్వెట్టరు విప్పి చేతి మీద వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ప్రోగ్రాం ఒక్కసారి కూడా ఆగలేదు. "చూశారా, ఆవిడ వెళ్ళింది, జబ్బు పోయింది" అని మేనేజరు కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అది నిక్షేపంలా నడిచిన ప్రతి రోజూ స్వెట్టరమ్మ మీద ఇంకో సాక్ష్యం చేరినట్టే. అంత ముచ్చటపడి చేసిన పని రోజూ తెల్లారి లేచి అబద్ధం చెప్తుంటే మరదలు కూర్చుని చూసింది. చూడక తప్పలేదు, ఎందుకంటే కొత్త మనిషి దొరికేదాకా సాయంత్రాలు ఆ కుర్చీలో ఆమెనే కూర్చోమన్నారు. ఒకసారి కోపం పట్టలేక ప్రోగ్రాంని మళ్ళీ బావ పేరు మీదికి మార్చేద్దామని చెయ్యి కూడా పెట్టింది. గోడ అవతల ఎవరెవరి ఒంట్లోకో వెళ్ళాల్సిన మందులున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఒక ఆదివారం పొద్దున వెతుక్కుంటూ స్వెట్టరమ్మ ఇంటికి వెళ్ళింది. కోడలు తలుపు తీసింది. "ఆఫీసు నుంచా? మళ్ళీ ఏం చేసిందని?" అంది. స్వెట్టరమ్మ నిజంగానే వంటగదిలో ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వచ్చినదాన్ని చూసి లేచి ఆ స్టూలే ఆమె ముందుకు జరిపింది, తను నిలబడింది. మరదలు ఆ కోడలికి ఉన్నదంతా చెప్పింది. మీ అత్తగారు ఏ తప్పూ చెయ్యలేదని చెప్పింది.

"ఇప్పుడు ఆగడం లేదట కదండీ?" అంది కోడలు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. అక్క అందరికీ వడ్డిస్తోంది. వారమంతా మాటల్లేని మరదల్ని ఎలాగైనా మాట్లాడించాలని బావకు ఆ రోజు సరదా పుట్టింది.

"ఏం చిట్టీ, అలిగావా ఇంకా? ఎలా ఉంది మన ప్రోగ్రాం, నడుస్తోందా?"

"నడుస్తోంది సార్" అంది ఆమె.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇంట్లో సారేమిటే?"

బావ తల వంచుకుని గబగబా తినడం మొదలుపెట్టాడు. అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నేను అడిగేది మిమ్మల్నే. ఏమైంది మీ ఇద్దరికీ?"

మరదలు కంచం తీసుకుని లేచింది. మర్నాడు ఆఫీసుకు బస్సులో వెళ్ళింది.